పదమూడు ముప్పై అయిన రోజు

మా ఆఫీసులో ఉద్యోగాల కోత గురించి పెట్టిన మీటింగ్ అది. పద్దెనిమిది మందిమి ఉన్నాం, పన్నెండు పోస్టులే మిగులుతాయన్నారు. ఎవరికి ఏది కావాలో ఫారం నింపి ఇవ్వాలి. ఆఖరు తేదీ థర్టీయెత్ అని నాకు కనిపించింది. వినిపించింది అనడం లేదు చూడండి, నాకు వినికిడి తక్కువ, మాట చెవి కంటే ముందు కంటికే చేరుతుంది. ఇంకా చాలా రోజులుంది కదా అని ఫారం సొరుగులో పెట్టి తీరిగ్గా ఆలోచించుకుంటున్నాను. పద్నాలుగో తారీఖు పొద్దున్నే మేనేజర్ నుంచి మెయిల్. మీ ఫారం రాలేదు, ఏ పోస్టూ వద్దనే అనుకోవాలా అని. గడువు థర్టీన్త్‌తోనే అయిపోయింది.

అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా థర్టీన్ అని ఒకసారి, థర్టీ అని ఒకసారి అనండి. నాలుక కొస పళ్ళ మధ్యకు వచ్చే ఆ మొదటి ముక్క రెండింటికీ ఒకటే. చివరి 'న్' నోట్లోనే ఉండిపోతుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. మన తెలుగులో చూడాలంటే పాట, బాట, మాట. మూడూ పెదవుల మీద ఒకటే బొమ్మ. ఇంగ్లిషు ధ్వనుల్లో కంటికి దొరికేవి మూడో వంతుకు కాస్త అటూ ఇటూ అని లిప్‌రీడింగ్, అంటే పెదవులు చూసి మాట పోల్చుకోవడం, నేర్పే క్లాసులో మొదటి రోజే చెప్పారు. మిగతాదంతా సందర్భాన్ని బట్టి మనం పూరించుకోవాల్సిందే. లిప్‌రీడింగ్ వచ్చంటే గూఢచారిలా గది అవతలివాళ్ళ మాటలు కూడా పట్టేస్తామని చాలామంది అనుకుంటారు. అంత సీన్ లేదు.

అయితే ఆ రోజు నేను పూరించుకోవాల్సిన అవసరం రాకూడదు. ఎందుకంటే నా ఎదురుగా లిప్‌స్పీకర్, అంటే ఇతరుల మాటను పెదవులతో మళ్ళీ పలికి చూపించే మనిషి, ఉన్నారు. కనీసం, లిప్‌స్పీకర్ అని చెప్పి ఒక ఏజెన్సీ పంపించిన మనిషి ఉన్నారు.

కాస్త వెనక్కి వెళ్తాను. నేను బ్రిటన్‌లో, బర్మింగ్‌హామ్‌లో ఉంటాను, పేరోల్ పని చేస్తాను. ముప్పై ఏళ్ళు దాటాక రెండు చెవులకీ నరం బలహీనపడుతూ వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ, వాళ్ళు హియరింగ్ ఎయిడ్స్ ఉచితంగానే ఇచ్చారు. ఇంట్లో, ఇద్దరు ముగ్గురి మధ్య, వాటితో నెట్టుకొస్తాను. పదిమంది మాట్లాడే గదిలో మాత్రం అవి చప్పుడును పెంచుతాయే తప్ప మాటను తేటపరచవు. బ్రిటిష్ సంజ్ఞా భాష, అంటే బీఎస్‌ఎల్, నాకు రాదు. అది చేతులతో చెప్పే ఇంగ్లిషు కాదు, సొంత వ్యాకరణం ఉన్న వేరే భాష. 2022లో దానికి చట్టంలో గుర్తింపు కూడా వచ్చింది. నాలాగా నడి వయసులో వినికిడి పోయినవాళ్ళకు బీఎస్‌ఎల్ ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చి ఎదురుగా నిలబెడితే, రాని భాషలోకి అనువాదం చేసి పెట్టినట్టే. ఈ తేడా మా హెచ్‌ఆర్‌కు అర్థమయ్యేలా చెప్పడానికే రెండు మెయిళ్ళు పట్టింది.

లిప్‌స్పీకర్ చేసేది వేరు. ఎవరో మాట్లాడుతుంటే, ఒక వాక్యం వెనకగా, అవే మాటల్ని గొంతు లేకుండా పెదవులతో మళ్ళీ పలుకుతారు. మాట్లాడేవాళ్ళు వెటకారంగా అంటే ఆ వెటకారం ముఖంలో కనిపించాలి, మెల్లగా నసిగితే ఆ నసుగుడూ కనిపించాలి. మనకు చూడాల్సిన ముఖం ఒక్కటే అవుతుంది. బల్ల చుట్టూ ఎవరు మాట్లాడుతున్నారా అని తల తిప్పుకుంటూ, దొరికేలోపే సగం వాక్యం పోగొట్టుకునే బాధ ఉండదు.

ఏజెన్సీ పంపిన ఆవిడ మంచి మనిషే. నవ్వుతూ పలకరించారు. కానీ మీటింగ్ మొదలయ్యాక నోరు ఆవులించినంత పెద్దగా తెరిచి, ఒక్కో ముక్కా సాగదీసి పలకడం మొదలుపెట్టారు. సాయం చేస్తున్నాననే అనుకున్నారు పాపం. సాగదీస్తే మాట ఆకారమే మారిపోతుంది, రబ్బరు బ్యాండు మీద రాసిన పేరును లాగి చూపించినట్టు. పైగా ఎవరైనా మాట్లాడగానే వాళ్ళ వైపు తిరిగిపోయేవారు. నాకు ఆవిడ చెవి, చెవిపోగు కనిపించేవి. మధ్యలో ఒకసారి ఐదు నిమిషాల చర్చ జరిగితే 'బడ్జెట్ గురించి ఏదో అంటున్నారు' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. తేదీ వచ్చిన చోట వేలు కూడా ఎత్తలేదు.

తర్వాత ఏజెన్సీని అడిగితే తేలింది, ఆవిడకు బీఎస్‌ఎల్‌లో మొదటి మెట్టు కోర్సు ఉంది, వినికిడి లేనివాళ్ళతో ఎలా మెలగాలో చెప్పే ఒక్క రోజు డెఫ్ అవేర్‌నెస్ సర్టిఫికెట్ ఉంది. లిప్‌స్పీకింగ్‌లో ఏమీ లేదు. 'స్పష్టంగా మాట్లాడతారు' అని పంపారట. అంటే ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటుందని ఆపరేషన్ థియేటర్‌కు పంపినట్టు!

ఫారం ఆలస్యంగానైనా తీసుకున్నారు, ఉద్యోగం నిలిచింది. కానీ వరసలో ఇంకా రెండు మీటింగులున్నాయి, అందులో ఒకటి నాతో విడిగా. ఈసారి మనిషిని నేనే వెతుక్కుంటానని హెచ్‌ఆర్‌కు రాశాను. ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం ఇలాంటి సర్దుబాటు చేయడం యజమాని బాధ్యత కాబట్టి డబ్బు విషయంలో పెద్దగా వాదన రాలేదు.

వెతకడం మొదలుపెట్టాక నాకు తెలిసిన మొదటి సంగతి, బ్రిటన్‌లో ఎవరైనా సరే తమను లిప్‌స్పీకర్ అని చెప్పుకోవచ్చు. చట్టం అడ్డుపడదు. అందుకే రిజిస్టర్ చూడాలి. ఎన్‌ఆర్‌సీపీడీ అనే సంస్థ ఒకటుంది. బీఎస్‌ఎల్ ఇంటర్‌ప్రెటర్లు, నోట్‌టేకర్లు, మాటల్ని అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా టైప్ చేసేవాళ్ళు, లిప్‌స్పీకర్లు, ఇలా వినికిడి లేనివాళ్ళ కోసం పనిచేసేవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. అందులో చేరడం కూడా స్వచ్ఛందమే. కానీ చేరాలంటే లిప్‌స్పీకింగ్‌లో అర్హత చూపించాలి, ప్రవర్తనా నియమావళికి కట్టుబడాలి, నేర చరిత్ర తనిఖీ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, ఏటా రెన్యూ చేసుకుంటూ నేర్చుకుంటూ ఉండాలి. తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంటుంది. నాకు అన్నిటికంటే ఆ చివరిదే నచ్చింది. ఏజెన్సీ పంపిన ఆవిడ మీద ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చేయాలో కూడా నాకు తెలియలేదు.

అర్హత అంటే ఇక్కడ సిగ్నేచర్ అనే పరీక్షల సంస్థ ఇచ్చే లెవెల్ 3 సర్టిఫికెట్ పేరు ఎక్కువగా వినబడుతుంది. పాతకాలం వాళ్ళ కాగితాల మీద సీఏసీడీపీ అని ఉంటే కంగారు పడకండి, సిగ్నేచర్‌కు పాత పేరే అది. నేను ఒకరి పేరును దీని వల్లే నా జాబితాలోంచి దాదాపు కొట్టేయబోయాను. కాగితం కంటే కార్డు ముఖ్యం. ఫోటో, రిజిస్ట్రేషన్ నంబరు, ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ, అన్నీ దాని మీద ఉంటాయి. ఆ పేరును రిజిస్టర్‌లో వెతికి సరిచూసుకోవడం రెండు నిమిషాల పని. లిప్‌స్పీకర్లకు సంఘం కూడా ఉంది, అక్కడా పేర్లు దొరుకుతాయి.

రెండో సంగతి, వీళ్ళు దేశం మొత్తంలో చాలా కొద్దిమంది. ఇంటర్‌ప్రెటర్లతో పోలిస్తే పిడికెడు. మా ఊరికి దగ్గరగా వెతికితే జాబితా చిన్నది, నాకు కావాల్సిన తేదీకి ఖాళీ ఉన్నవాళ్ళు ఇంకా చిన్న జాబితా. నలుగురికి రాశాను. ఒకరు అప్పటికే బుక్ అయిపోయారు. ఒకరు జవాబివ్వలేదు. మిగిలినవాళ్ళిద్దరూ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే, అనుభవం ఉన్నవాళ్ళే. అక్కడితో కథ అయిపోవాలి నిజానికి. అసలు ఎంపిక అక్కడే మొదలైంది.

మొదటి ఆవిడ జవాబులో ఫీజు, రైలు ఛార్జీ, రద్దు చేసుకుంటే ఎంత కట్టాలి అనే షరతులు ఉన్నాయి. శుభ్రమైన మెయిల్. రెండో ఆవిడ మెయిల్‌లో అవి చివర్లో ఉన్నాయి, ముందంతా ప్రశ్నలే. గది ఎంత పెద్దది? ఎంతమంది? కిటికీ ఎటు వైపు? ఎంతసేపు? మీరు వేళ్ళ అక్షరమాల, అంటే వేళ్ళతో ఒక్కో అక్షరం చూపిస్తే, చదవగలరా? మీ తరఫున నేను మాట్లాడాల్సి ఉంటుందా, మీరే మాట్లాడతారా? గొంతు పూర్తిగా లేకుండా కావాలా, హియరింగ్ ఎయిడ్‌కు కొంచెం వినబడేలా కావాలా? మీటింగ్‌లో వచ్చే పేర్లు, పొట్టి పేర్లు, స్లయిడ్లు ముందుగా పంపగలరా? వినడానికి ఇంటర్వ్యూలాగా ఉంది గానీ, ఇన్నేళ్ళలో నా వినికిడి గురించి ఇన్ని పనికొచ్చే ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు.

మీటింగ్ మూడు గంటలని చెప్పగానే, అంతసేపైతే ఒక్కరు సరిపోరు, ఇద్దరం మార్చుకుంటూ చేయాలి, లేదా మధ్య మధ్యలో విరామం రాసివ్వాలి అన్నారు. నాకు మొదట్లో ఇది బిల్లు పెంచే మాటలా తోచింది, దాచుకోను. తర్వాత అర్థమైంది. అరగంట కదలకుండా ఒకరి పెదవుల మీదే చూపు నిలిపి చూడండి, కళ్ళు మండుతాయి, తల బరువెక్కుతుంది. చూసే నాకే అంతుంటే, వింటూ పలుకుతూ ఉండే మనిషికి ఎంత ఉండాలి?

ఇద్దరినీ ఒక పావుగంట వీడియో కాల్ చేయమని అడిగాను. తప్పుగా అనుకుంటారేమోనని భయపడ్డాను గానీ, ఇద్దరూ వెంటనే సరేనన్నారు. నా పక్క సీటు సహోద్యోగి పాత మీటింగ్ మినిట్స్ లోంచి నేను చూడని పేరాలు ఏరి వాళ్ళకు పంపాడు. వాళ్ళు గొంతు లేకుండా పలకాలి, నాకు కనిపించింది నేను కాగితం మీద రాయాలి, అతను సరిచూడాలి. పదహారు వాక్యాలు. మొదటి ఆవిడ దగ్గర నాకు తొమ్మిది దొరికాయి. రెండో ఆవిడ దగ్గర పద్నాలుగు.

మొదటి ఆవిడ తక్కువని కాదు. ఆవిడను ఏళ్ళ తరబడి పిలుచుకుంటున్నవాళ్ళు ఉన్నారు. ఆవిడ పెదవుల కదలిక చిన్నది, వేగంగా, తేలిగ్గా ఉంటుంది. నా కళ్ళకు అది పట్టుబడలేదు. చేతిరాత లాంటిదే ఇది. ఒకరి గొలుసుకట్టు మనకు గడగడా చదవొస్తుంది, ఇంకొకరి గుండ్రటి అక్షరాల దగ్గర తడబడతాం. సర్టిఫికెట్ చూసి మోసపోకుండా ఉండొచ్చు గానీ, నా కళ్ళకు ఎవరు కుదురుతారో ఏ సర్టిఫికెట్ మీదా రాసి ఉండదు. ఈ సంగతి ఆవిడకు రాయడానికి మొహమాటపడి రెండు రోజులు మెయిల్ ఆపాను. జవాబు మూడు లైన్లలో వచ్చింది. ఇది మామూలే, మీకు తేలిగ్గా కనిపించేవాళ్ళనే పిలవండి, తేదీలు కుదరకపోతే నేనున్నాను అని.

రెండో ఆవిడ దగ్గర దొరకని రెండు వాక్యాల్లో ఒకదాని కథ చెప్పాలి. అందులో వెస్ట్ అనే మాట ఉంది. ఆవిడ పెదవులు గుండ్రంగా ముందుకొచ్చాయి. నాకు అది ఏ మాటో తోచలేదు. ఎందుకంటే నేను నేర్చుకున్న ఇంగ్లిషులో 'వి'కీ 'డబ్ల్యూ'కీ ఒక్కటే 'వ'. చెవులు బాగున్న రోజుల్లో కూడా ఆ తేడా నాకు వినబడలేదు, పలకనూ లేదు. పెదవుల మీద మాత్రం అవి ఆమడ దూరం. ఒకదానికి పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి, ఇంకోదానికి పెదవులు సున్నా చుడతాయి. ఆవిడే అద్దంలో చూసుకోమని నా చేత రెండూ పలికించారు. ఇరవై ఏళ్ళు చెవులతో నేర్వని తేడా చెవులు పోయాక కళ్ళతో నేర్చుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, నవ్వేశాను.

కాల్ చివర్లో ఒక మాట అడిగారు. మామూలుగా, పెదవుల మీద కనబడని మాట వస్తే అదే అర్థం ఉన్న తేలికైన మాట వేస్తానని, కానీ ఇది ఉద్యోగానికి సంబంధించిన మీటింగ్ కాబట్టి అన్న మాట అన్నట్టే కావాలా అని. అన్న మాట అన్నట్టే కావాలన్నాను. అక్కడే నిర్ణయం అయిపోయింది.

మీటింగ్ రోజు అరగంట ముందే వచ్చారు. ముదురు నీలం రంగు చొక్కా, మెడలో ఏమీ లేదు, మెడ నుంచి ముఖం దాకా కన్ను పక్కకు పోవడానికి ఏమీ లేకుండా. అడగకముందే కార్డు చూపించారు. గదిలోకి వెళ్ళగానే చేసిన మొదటి పని, నాకోసం వేసి ఉంచిన కుర్చీని తీసి బల్లకు అవతలి వైపు వేయడం. కిటికీ తన వెనక ఉంటే తన ముఖం నీడగా కనిపిస్తుందట, వెలుతురు తన ముఖం మీద పడాలి, నా వెనక నుంచి రావాలి. నాకు ఒకటిన్నర మీటరు దూరంలో, మేనేజర్ కూడా నా చూపులో పడేలా కూర్చున్నారు. 'ఒక్కొక్కరే మాట్లాడితే మేలు' అని అందరికీ మర్యాదగా చెప్పారు. నేను ఏళ్ళుగా అడగలేక మింగిన వాక్యం అది.

తర్వాత మేనేజర్ తేదీ చెప్పాడు. ఆవిడ పెదవులు థర్టీన్త్ అన్నాయి, ఆ వెంటనే చెయ్యి ఛాతీ దగ్గరికి లేచి ఒక వేలు, తర్వాత మూడు వేళ్ళు చూపించి దిగిపోయింది. అర సెకను పని. పీటర్ అన్నప్పుడు 'పి', బీటర్ అన్నప్పుడు 'బి' రెండు చేతులతో చిన్నగా చూపించేవారు. ఇక్కడి వేళ్ళ అక్షరమాల రెండు చేతులతో ఉంటుంది. ఇంగ్లిషు అచ్చులు ఐదూ ఐదు వేలికొసలే. బొటనవేలి కొస తాకితే 'ఏ' (A), చూపుడు వేలు 'ఈ' (E), అలా చిటికెన వేలి దాకా. నేను ఆవిడతో మొదటి మీటింగ్‌కు ముందు ఒక వారం రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. బీఎస్‌ఎల్ మొత్తం రానక్కర్లేదు, ఈ ఇరవై ఆరు వస్తే లిప్‌స్పీకర్ చేతికి సగం బలం ఇచ్చినట్టే.

మధ్యలో ఎవరో మీ ఉద్దేశం ఏంటని ఆవిడనే అడిగారు. 'నేను మాట మోయడానికి వచ్చాను' అని నవ్వి, ఆ ప్రశ్నను కూడా పెదవులతో నాకు చెప్పేశారు. మీటింగ్ అయ్యాక కూడా లోపల జరిగినదాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కాఫీ తాగుతూ రైలు ఆలస్యం గురించి మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత యాక్సెస్ టు వర్క్‌కు అప్లై చేశాను. ఉద్యోగంలో ఉన్న వైకల్యం గలవాళ్ళకు ఇలాంటి సాయం ఖర్చు భరించే ప్రభుత్వ పథకం అది. 2024-25లో ఒక మనిషికి ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం 69,260 పౌండ్లుగా ఉండేది. నాకు అంతలో వందో వంతు చాలేమో గానీ, రోజూ కావాల్సినవాళ్ళకు ఆ పరిమితి పెద్ద సంగతే. మూడు కొటేషన్లు అడిగారు. నేను ఇద్దరివి పంపి, మూడోది ఎందుకు లేదో, ఆ ఇద్దరిలో ఒకరినే ఎందుకు కావాలనుకుంటున్నానో ఆ పదహారు వాక్యాల లెక్కతో సహా రాశాను. గంట మీటింగ్ అయినా సగం రోజు ఫీజు పడుతుందని తెలిశాక చిన్న చిన్న మీటింగులన్నీ ఒకే పూటకు సర్దమని మా టీమ్‌ను అడిగాను. నా సంగతి అటుంచి, దాంతో వాళ్ళకూ ప్రాణం లేచి వచ్చింది.

ఆఫీసు బయట వేరే లెక్క. జీపీ, అంటే మన పేట డాక్టరు దగ్గర, ఆస్పత్రిలో ఏర్పాటు చేయాల్సింది ఎన్‌హెచ్‌ఎస్. 2016 నుంచి దానికి ఒక ప్రమాణం ఉంది, మన అవసరం ఏంటో రికార్డులో రాసుకుని దానికి తగ్గట్టు ఏర్పాటు చేయాలి. అంతకుముందు మావారే వచ్చి కూర్చునేవారు. డాక్టరు పది వాక్యాలు చెప్తే ఆయన నాకు 'ఏం లేదట, కంగారు పడకు' అని చెప్పేవారు. ప్రేమే, కానీ మిగతా తొమ్మిది వాక్యాలు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు.

స్కూల్లో పేరెంట్స్ ఈవెనింగ్‌కు మా అమ్మాయే నా లిప్‌స్పీకర్. పదకొండేళ్ళు దానికి. 'అమ్మా, మిస్ నన్ను బాగా మెచ్చుకుంటున్నారు' అని ప్రతి టీచరు దగ్గరా అదే మాట. నేనూ మురిసిపోయేదాన్ని. మొన్నటి సారి స్కూలుకు ముందుగా రాశాను, వాళ్ళు ఆ లిప్‌స్పీకర్ ఆవిడనే పిలిపించారు. మాథ్స్ టీచరు ఎదురుగా కూర్చున్నాం. లిప్‌స్పీకర్ పెదవులు నాకు చెప్పాయి: తెలివైన పిల్లే, కానీ మూడు వారాలుగా హోంవర్క్ ఇవ్వలేదు. ఆ వెంటనే, టీచరు పెదవులు కదలకుండానే, ఆవిడ ముఖం ముడుచుకుని, మా అమ్మాయి వైపు చిన్నగా చెయ్యి చూపించి పలికారు: 'మూడు కాదు, రెండే.'

బయటికొచ్చాక మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. కారెక్కాక నా భుజం తట్టి, నాకు పెదవులు కనిపించేలా ముందుకు వంగి అంది.

"అమ్మా, నేను నాలో నేను గొణుక్కున్నది కూడా చెప్పేస్తారా ఆవిడ?"